ఆలస్యానికి కారణం

గురువారం మధ్యాహ్నం ల్యాబులో పిల్లలు ప్రాక్టికల్స్ చేసుకుంటూ ఉంటే, రూబీ వెనక బల్ల దగ్గర కూర్చుని, తను నడిపే ప్రోగ్రాము మీద వచ్చి, జవాబిచ్చి మూసేసిన ఫిర్యాదులు ఎన్నో లెక్కపెడుతోంది. ఆ అంకె సాయంత్రానికల్లా దయాసాగర్‌కు పంపాలి. తెర మీద వరసలు పైకి జరిపేస్తూ, ఒకచోట వేలు ఆపింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మధ్యలో ‘ఉదయగిరి’ అన్న మాట కనబడింది.

“సార్, మాది ఉదయగిరి. ఇక్కడ చూపు లేని అక్క ఒకామె అర్జీలు రాస్తాది. కొత్త వర్షన్ వేసినాను, గొంతు రావడం లేదు. పాతది తీసేసినాను. సైటులో పాతది లేదు. అర్జెంటు సార్. ఎడ్విన్, మొబైల్ షాపు.” కింద ఫోన్ నంబరు.

దాని కిందే జవాబు ఉంది. ఈ సిస్టమ్‌కు మద్దతు నిలిపివేశామనీ, దయచేసి కొత్త సిస్టమ్‌కు మారవలసిందనీ. జవాబు ఇచ్చిన పేరు తనదే. ఒకే వాక్యాన్ని ఆ రోజు నలభై మందికి అంటించింది రూబీ. అంటించేటప్పుడు ఫిర్యాదులు చదవలేదు. పంతొమ్మిది రోజులైంది.

వినుకలి అనేది కంప్యూటరు తెర మీది తెలుగును పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. చూపు లేనివాళ్ళకోసం చేసింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. తొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది ఇద్దరు. ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే రూబీ ఒకరు, బెంగళూరులో ఉద్యోగం చేసుకునే దయాసాగర్ మరొకరు. జీతం లేని పని. సాయంత్రాలూ సెలవులూ దానికే పోయేవి.

వాళ్ళిద్దరి మధ్యా రెండేళ్ళపాటు నలిగిన సంగతి ఒకటుంది. కంపైలరును ఎప్పుడు మార్చాలి అని. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చిపెట్టే సాధనం అది. వాళ్ళు వాడేది పాతబడింది. కొత్తది వాడితే, పొడుగు వాక్యం మధ్యలో గొంతు ఆగిపోయే జబ్బు పోతుంది. సాయానికి వచ్చే కుర్రకారు పాత పద్ధతిలో రాయలేక వెనక్కి పోతున్నారు, ఆ బాధా తీరుతుంది. అయితే కొత్త కంపైలరుతో తయారైన ప్రోగ్రాము పదేళ్ళు దాటిన కంప్యూటర్లలో లేవదు. అలాంటివి ఎన్నున్నాయో చూద్దామని, ఏప్రిల్‌లో పదిహేను రోజులపాటు లెక్క తీశారు. నెట్టు ద్వారా ప్రాజెక్టును పలకరించిన కంప్యూటర్లలో పాతవి నూటికి రెండు కూడా లేవు. ఆ లెక్క తీసింది రూబీనే. మార్చేద్దాం అన్నదీ తనే. ఇక పాతదాన్ని సైటులో ఉంచితే తెలియనివాళ్ళు అదే వేసుకుంటారని, చూడటానికి శుభ్రంగా ఉంటుందని, పాత ఫైళ్ళన్నీ తీసేసింది కూడా.

ల్యాబు బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేసింది.

“ఎవురండీ?”

“నా పేరు రూబీ అండీ. మీరు వినుకలి గురించి మెసేజి పెట్టారు కదా?”

“పెట్టినాను. ఎప్పుడో పెట్టినాను మేడమ్. మీరు కంపెనీవాళ్ళా?”

“కంపెనీ ఏమీ లేదండీ. దాన్ని చేసేది మేమే. నేను ఆత్మకూరులో ఉంటాను.”

అవతల షాపులో మాటలు వినబడుతున్నాయి. ఎవరో ఫోన్ గ్లాసు ధర అడుగుతున్నారు, ఎడ్విన్ ఉండమంటున్నాడు.

“ఏ ఆత్మకూరు మేడమ్? మన ఆత్మకూరా?”

“మన ఆత్మకూరే.”

“బస్సెక్కితే వచ్చే ఊర్లో ఉండారా మీరు! నేను యాడో ఢిల్లీవాళ్ళనుకొని సార్ సార్ అని రాసినానే.”

“ఇప్పుడు ఆ అర్జీలు రాసే ఆమె ఏం చేస్తున్నారు?” అని అడిగింది.

“ఏం చేస్తాది? పొద్దున్నే వచ్చి గది తీస్తాది. వచ్చినోళ్ళకు మిషను పనిచేయలేదని చెప్పి బస్టాండు కాడికి పంపిస్తాది. సాయంత్రం దాకా కూచుని తాళమేసుకొని పోతాది. అక్కకు కొత్త కంప్యూటరు చూద్దామంటే, దీంట్లో ఎనిమిదేండ్ల అర్జీలుండాయి, చేతికి అలవాటైన మిషను, నిదానంగా చూద్దాంలే అంటాది.”

“ఇంకెవరికైనా వేశారా ఈ కొత్తది?”

“అందరికీ నేనే పెన్‌డ్రైవ్‌లో ఏసుకొచ్చి వేస్తాను మేడమ్. వాళ్ళకు నెట్టు యాడుంది? ఏడుగురుండారు. ఏడుగురివీ పోయినాయి.”

రూబీ గోడకు ఆనుకుంది. ఆ ఏడు కంప్యూటర్లూ ఏనాడూ నెట్టులోకి వచ్చినవి కావు. పదిహేను రోజులు కాదు, పదిహేనేళ్ళు చూసినా తన లెక్కలోకి వచ్చేవి కావు.

శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లు రూబీకి ఖాళీ. కాలేజీ స్టోరులో మూలన పడేసిన ఒక పాత కంప్యూటరును అటెండరు చేత బయటికి తీయించి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ల్యాబు కిటికీ దగ్గర పెట్టించింది. మొదటిసారి ఆన్ చేస్తే లేవలేదు. మూత విప్పి, లోపలి మెమరీ ముక్కను బయటికి లాగి, రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టింది. అప్పుడు లేచింది.

ప్రాజెక్టులో ప్రతి మార్పూ తేదీలవారీగా దాచి ఉంటుంది. కంపైలరు మార్చడానికి ముందురోజు దాకా వెనక్కి వెళ్ళింది. పాత కంపైలరు తన పాత హార్డుడిస్కులోనే ఉంది. పని మొదలుపెట్టించి, తెర మీద వరసలు ఒకటొకటిగా పడుతూ ఉంటే, దయాసాగర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

అతను అడ్డు రాకుండా విన్నాడు. “అయితే మళ్ళీ పాత కంపైలరుకు పోదామంటావా?” అన్నాడు.

“అట్లా అనటంలేదు. పాత మిషన్లకు పాతదాన్నే ఇంకొన్నాళ్ళు విడిగా తయారుచేసి పెడదామంటున్నా.”

“విడిగా అంటే రెండు ప్రోగ్రాములు. ఏ తప్పు దిద్దినా రెండుచోట్ల దిద్దాలి. ఎవరు దిద్దుతారు? ఉన్నది మనిద్దరం.”

“నేను దిద్దుతాను.”

“రూబీ, ఆ లెక్క తీసింది నువ్వే. పరీక్ష రాసేటప్పుడు మధ్యలో గొంతు ఆగిపోతే పిల్లలు ఎంత ఏడ్చారో నాకు చెప్పింది కూడా నువ్వే. ఇప్పుడు ఆగటం లేదు. ఆ పిల్లలకు మేలే జరిగింది కదా?”

“జరిగింది. కాదనటంలేదు.”

“మరి?”

“మనల్ని పలకరించినవాళ్ళనే మనం లెక్కపెట్టాం సాగర్. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్ళు ఆ లెక్కలో లేరు.”

“అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?”

“తెలియదు. ఒక్క ఉదయగిరి ఎడ్విన్ దగ్గరే ఏడుగురు.”

దయాసాగర్ చెడ్డవాడు కాడు. పెళ్ళిరోజున కూడా ఒక తప్పు దిద్ది పంపినవాడు. “రేపు వెళ్ళిరా. ఆ తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు.

తెర మీద ఆఖరి వరస పడింది. రూబీ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, ఒక వాక్యం కొట్టి చూసింది. చదివింది. ఆ గొంతు విన్నాక నిన్నటినుంచీ గుండెల మీద ఉన్న బరువు కొంత దిగినట్టయింది. రేపటితో ఈ తప్పు తీరిపోతుందనుకుంది.

రెండో శనివారం కావడంతో కాలేజీ లేదు. పొద్దున బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మెట్ట చేలల్లో కంది ఎండకు వాడి ఉంది. ఉదయగిరిలో దిగేసరికి ఎండ కొండ మీదినుంచి బజారులోకి వచ్చేసింది. ఎడ్విన్ బస్టాండులో నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చొక్కా జేబులో చిన్న స్క్రూడ్రైవర్లు పెన్నుల్లా గుచ్చుకుని ఉన్నాడు.

“గది దగ్గరే మేడమ్, నడిచేపోదాం. అక్కకు మీరొస్తున్నట్టు చెప్పినా.”

“ఏమన్నారు?”

“రానీ అన్నది.”

ఎమ్మార్వో ఆఫీసుకు ఎదురుసందులో రేకుల గది అది. గడప దాటగానే, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ ఉంది. ఎదురుగా బల్ల మీద పాత కంప్యూటరు, దానిమీద ఉతికిన చీరముక్క కప్పి ఉంది. కీబోర్డు మీద అక్షరాలు ఒక్కటి కూడా మిగల్లేదు, వేళ్ళకు అరిగిపోయాయి. పక్కన చిన్న ప్రింటరు, తెల్లకాగితాలు, వేలిముద్రలకు సిరాదిమ్మ, వేలు తుడుచుకోవడానికి గుడ్డపీలిక వరసగా, కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. ప్రమీలారాణి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. యాభైకి దగ్గర పడిన మనిషి. అడుగుల చప్పుడుకు తల ఇటు తిప్పింది.

“ఎడ్విన్ చెప్పులు తెలుసు. రెండోది నువ్వేనా పాపా, నా గొంతు కోసింది?”

ఎడ్విన్ నవ్వబోయి, రూబీ ముఖం చూసి ఊరుకున్నాడు.

“నేనే అక్కా,” అంది రూబీ.

“కూచో. నీళ్ళు తాగుతావా? కూజా నీ ఎడంచేతికాడ ఉండాది.”

రూబీ నీళ్ళు తాగి, పెన్‌డ్రైవ్ తీసి పని మొదలుపెట్టింది. ప్రమీలారాణి ఆ చప్పుళ్ళన్నీ వింటూ, మధ్యలో ఒకసారి, “అది ఎక్కేదానికి నాలుగు నిమిషాలు పడతాది, తొందరపడొద్దు,” అంది. నాలుగు నిమిషాలకు స్పీకరు డబ్బాలోంచి ఆ గొంతు, “వినుకలి సిద్ధంగా ఉంది,” అని పలికింది.

ప్రమీలారాణి చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. ముందుగా తన పేరు కొట్టి వింది. తర్వాత ఏవో అంకెలు కొట్టింది. గొంతు వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చదివింది. నాలుగు, రెండు, ఒకటి, బై, రెండు.

“ఈ అంకెలు విడివిడిగా చదివేది నేనడిగిందే,” అంది. “నాలుగేండ్ల కింద మీ నంబరుకు ఫోన్ చేసినా. ఎవురో సాగరంట, మర్యాదగా మాట్లాడినాడు. వారంలో చేసిచ్చినారు. ఈసారి చేస్తే ఆ నంబరు కలవలే. చదువురానోళ్ళు నాకాడికి ఎందుకొస్తారో తెలుసా పాపా? నేను బాగా రాస్తానని కాదు. రాసింది ఈ మిషను వాళ్ళ ముందర చదువుతాది. విని, సరే అనుకున్నాకనే వేలిముద్ర. తప్పుంటే ఆడనే చెప్తారు. చూపు లేని నేను, చదువు లేని వాళ్ళు, అందరం ఈ గొంతు మీదనే ఆధారపడి ఉండాము.”

“ఇక ఆగదు అక్కా. పాత మిషన్లకు విడిగా నేనే తయారుచేస్తాను. మాట ఇస్తున్నా.”

ఆ మాట అంటున్నప్పుడు రూబీకి నిజంగానే సంతోషం కలిగింది. ప్రమీలారాణి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

“బాగుండాది. గొంతు వచ్చింది,” అంది. “చెంచురామయ్య చేను వస్తాదా?”

“ఎవరక్కా ఆయన?”

“ఎడ్విన్, రామయ్యను పిల్చుకొస్తానంటివే, పో.”

ఎడ్విన్ బండి తీసుకుని వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేలోపు ప్రమీలారాణి సంగతి చెప్పింది. చెంచురామయ్య గొర్లు మేపుకునే మనిషి. వంక పక్కన రెండెకరాల చేనుంది. గొర్లు నీళ్ళకు దిగేది ఆ చేని అంచునుంచే. ఈమధ్య భూములన్నీ కొత్తగా కొలిచినప్పుడు, వంకవైపు ముప్పై సెంట్లు పక్క చేనులోకి కలిసిపోయాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువిచ్చారు. గడువుకు మూడు రోజుల ముందు ఆయన ఈ గదికి వచ్చాడు. అప్పటికి మిషను మూగబోయి ఉంది.

“రేపు రా, ఎల్లుండి రా అని రెండు రోజులు తిప్పినా. ఎడ్విన్ బాగుచేస్తాడనుకున్నా. మూడోరోజు గడువైపోతాదని బస్టాండు కాడ రాసే ఆయన దగ్గరికి నేనే పంపినా. ఆయన చెడ్డోడు కాదులే, ఆరోజు జనం ఎక్కువ. నంబరు తప్పు పడింది. నాలుగు వందల ఇరవై ఒకటి బై రెండు అయితే, నాలుగు వందల పన్నెండు బై రెండు అని రాసినాడు. ఎవురూ చదివి వినిపించలే. రామయ్య వేలిముద్ర వేసి ఇచ్చి వచ్చినాడు. పిలుపొచ్చి పోతే, నువ్వు రాసిన నంబరు నీది కాదు, నీ నంబరుకు అర్జీనే లేదు, గడువు అయిపోయిందన్నారు.”

రూబీ కూర్చున్నచోటునుంచి లేచి నిలబడింది.

“ఆయనకు అక్షరం రాదుగానీ ఆ నంబరు నోటికొచ్చు. చిన్నప్పటినుంచి వాళ్ళ నాయన అప్పజెప్పించినాడంట. ఈ మిషను ఒక్కసారి చదివింటే, ఆడనే పట్టుకొని ఉండును.”

బయట బండి ఆగింది. చెంచురామయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. పాదాలకు గొర్లదొడ్డి మన్ను అంటి ఉంది, గడప బయటే నిలబడి తుడుచుకున్నాడు.

“రాణమ్మా, పలికిందంటనే నీ మిషను!”

“పలికింది రామయ్యా. ఇట్ట కూచో. ఆత్మకూరు ఆఫీసుకు అప్పీలు పెట్టుకోవచ్చని ఎమ్మార్వో ఆఫీసులో చెప్పినారు. ఈ పొద్దు రాద్దాం.”

ఆయన బెంచీ చివర కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె రెండు మూడు మాటలు విని, ఆపమని చెయ్యి చూపి, టకటకా కొట్టింది. మిషను ఆ వాక్యాన్ని చదివింది. ఆయన తల పక్కకు వంచి, దూరంగా గొర్రె అరుపు వింటున్నట్టు విన్నాడు. “మోసం చేసినారని ఉండాదే, అట్ట అననమ్మా. పక్క చేనోడు నాతో బాగానే ఉంటాడు. కొలత తప్పిందను,” అన్నాడు. ఆమె దిద్దింది. మిషను మళ్ళీ చదివింది. నంబరు వచ్చినచోట ఆయన తానూ దానితోపాటు పెదవులు కదిపాడు. రూబీ గోడవారన నిలబడి చూస్తోంది. ఈ తొమ్మిదేళ్ళలో తను చేసిన ప్రోగ్రాము ఎక్కడైనా ఇట్లా పనిచేస్తూ ఉంటే చూడడం ఇదే మొదటిసారి.

అర్జీ చివరికొచ్చింది. ప్రమీలారాణి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“గడువు దాటిన అప్పీలు గదా, ఆలస్యానికి కారణం అని ఒక పేరా రాయాల. జబ్బు చేసిందని రాస్తారు చానామంది. ఏం రాద్దాం రామయ్యా?”

“నాకేం జబ్బమ్మా? జరిగిందేదో అది రాయి.”

“జరిగింది నాకు సగమే తెలుసు.” ఆమె ముఖం రూబీ నిలబడిన వైపు తిరిగింది. “పాపా, నువ్వు చెప్పు. నేను కొడతా.”

రూబీ వచ్చి బెంచీ మీద కూర్చుంది. తరగతిలో గంటలకొద్దీ ఆగకుండా పాఠం చెప్పే మనిషికి ఒక్కో మాటా వెతుక్కోవలసి వచ్చింది. చెప్పింది. ఆమె కొట్టింది. మిషను చదివింది.

“ఆలస్యానికి కారణం. నాకు చదువు రాదు. ప్రమీలారాణి గారి కంప్యూటరు పైకి చదివితే విని వేలిముద్ర వేస్తాను. ఆ కంప్యూటరును చదివించే ప్రోగ్రామును ఆత్మకూరులో ఉండే రూబీ అనే ఆమె తయారుచేస్తారు. ఆమె దాని కంపైలరును మార్చారు. పాత కంప్యూటర్లు వాడేవాళ్ళు ఎవరున్నారో తెలియక మార్చినందువల్ల ఈ కంప్యూటరు మూగబోయింది. అందువల్ల నా అర్జీ వేరేచోట రాయించుకుని, వినకుండా వేలిముద్ర వేశాను. అందులో సర్వే నంబరు తప్పు పడింది.”

గొంతులో ఎత్తూ పల్లమూ లేదు. తన పేరును తను చేసిన గొంతే చదువుతూ ఉంటే రూబీ నేలవైపు చూస్తూ కూర్చుంది.

“ఆ కంపై... అదేందమ్మా?” చెంచురామయ్య అడిగాడు.

“నేను రాసింది మిషనుకు అర్థమయ్యేట్టు మార్చిపెట్టేది తాతా. కొత్తది తెచ్చాం. ఆ కొత్తది మార్చిన మాట ఈ పాత మిషనుకు అర్థం కాలేదు.”

“అట్టయితే నువ్వేనా అది?” అన్నాడు.

“నేనే తాతా.”

“బాగుచేసే పాప అనుకున్నానే!” ఆయన ఎడ్విన్ వంక చూశాడు, మళ్ళీ రూబీ వంక చూశాడు. “ఆయమ్మ పేరు దేనికి రాణమ్మా? ఆడబిడ్డ పేరు ఆఫీసు కాయితంలో ఎందుకు? తీసెయ్.”

“ఉండనీ తాతా,” అంది రూబీ.

ప్రమీలారాణి ఆ మాటలు పట్టించుకోలేదు. వేలు ఒకటి మీట మీద పెట్టి, మిషను చేత ఒక ముక్క వెనక్కి చదివించుకుంది. “తెలియక,” అంది మిషను. మళ్ళీ చదివించింది. “తెలియక.”

“పాపా, మార్చకముందు ఎవురినన్నా అడిగినావా?”

“లెక్క తీశామక్కా.”

“లెక్క కాదు. అడిగినావా?”

“లేదు.”

“మార్చొద్దని నేను అన్లే. పాతబడితే మార్చాల్సిందే. ఆరు నెల్ల ముందర చెప్పింటే నేనూ ఇంకో మిషను చూసుకొని, చెయ్యి అలవాటు చేసుకుందును. మాకు చూపు లేదుగానీ చెవులుండాయి గదా. ఈ గొంతుతోనే చెప్పించింటే ఏడుగురమూ వినేవాళ్ళమే.”

రూబీ తలెత్తింది. రెండేళ్ళు వాదించుకున్నారు. వెబ్‌సైటులో ప్రకటన పెట్టారు, మెయిళ్ళు పంపారు. తెర మీది ప్రతి మాటనూ చదివే గొంతు చేతిలో ఉంది. ఇంకొన్నాళ్ళలో నేను మీ మిషనులో ఆగిపోతాను, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఆ గొంతు చేతనే ఒక్క మాట చెప్పించాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. నెట్టు అక్కరలేని పని. పది వరసల ప్రోగ్రాము.

“అది తెలియక కాదక్కా,” అంది నెమ్మదిగా. “కనుక్కోక. కనుక్కోక అని రాయండి.”

“ఆఁ,” అంది ప్రమీలారాణి. ఆ ఒక్క మాట తీసి ఇది కొట్టింది. మిషను వాక్యమంతా మొదటినుంచి చదివింది. చెంచురామయ్య విని, సిరాదిమ్మవైపు బొటనవేలు చాపాడు. అచ్చయి వచ్చిన కాగితం మీద, వేలిముద్ర కింద సాక్షి అన్నచోట రూబీ సంతకం పెట్టింది.

సాయంత్రం లోపల ఎడ్విన్ బండి మీద తిరిగి, మిగిలినవాళ్ళలో నలుగురి ఇళ్ళలో పాత వినుకలి ఎక్కించింది. ఇద్దరి ఇళ్ళకు తాళాలున్నాయి. తిరుగు బస్సులో దయాసాగర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. నంబరు తప్పు పడిన సంగతి దగ్గర అతను, “అయ్యో,” అని మాత్రం అన్నాడు. తర్వాత, “రెండుచోట్లా దిద్దే పనిలో సగం నాది. ఈసారి ఎప్పుడు మార్చినా, ఆరు నెలల ముందు గొంతు చేత చెప్పిద్దాం. అంతవరకు పాతదాన్ని తీయొద్దు,” అన్నాడు. ఆ మాట ఏప్రిల్‌లో అనుకోవలసింది అని ఇద్దరికీ తెలుసు.

సోమవారం రూబీ పొద్దుటి పీరియడ్లకు సెలవు పెట్టింది. చెంచురామయ్య మొదటి బస్సుకే ఆత్మకూరు వచ్చి, ఉతికిన పంచె కట్టుకుని డిపో బయట నిలబడి ఉన్నాడు. ఆఫీసులో వాళ్ళ వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కాగితాలు తీసుకునే గుమాస్తా కళ్ళజోడు పైకి జరుపుకుని, అర్జీని తొందరపడకుండా చదివాడు. చివరి పేరా దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

“గడువు దాటి ఇరవై రెండు రోజులైంది. ఈ కంప్యూటరు సంగతి నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఈ రూబీ అంటే ఎవరు?”

“నేనే సార్.”

అతను కళ్ళజోడు మీదుగా చూశాడు. “మీ మీద మీరే రాయించుకున్నారా?”

“జరిగింది రాయించాం సార్.”

“రాసింది బాగానే ఉందమ్మా. మనిషికి జబ్బయితే సర్టిఫికెట్ ఉంటుంది, చూపిస్తారు. దీనికి ఏం చూపిస్తారు?”

రూబీ సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. కంపైలరు మార్చిన తేదీ, ఎడ్విన్ పెట్టిన మెసేజి, దానికి తన జవాబు, అన్నీ అచ్చు వేయించి తెచ్చింది. గుమాస్తా వాటిని అర్జీ వెనక పెట్టి పిన్ను గుచ్చాడు.

“తీసుకుంటాను. ఇది నిలబడుతుందని మాత్రం నేను చెప్పలేను. కొలతల కాగితాలు ఇప్పటికే ముందుకు పోయాయి. పెద్దాయనా, ఆశ పెట్టుకోవద్దనటంలేదు. ఎక్కువ పెట్టుకోవద్దు.”

చెంచురామయ్య చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. అందిన రసీదును మడిచి, తువ్వాలు కొంగున ముడివేసుకున్నాడు.

బయటికి వచ్చాక రూబీ టిఫిను తినమంది. ఆయన వద్దన్నాడు. గొర్లను కూతురికి అప్పజెప్పి వచ్చాడట, ఆ పిల్లకు వంకదారి సరిగ్గా తెలియదట. ఇప్పుడు చుట్టూ తిరిగి, పై కుంటకు తోలాల్సి వస్తోంది, ముసలి గొర్లు నడవలేక కూలబడుతున్నాయి అన్నాడు. ఎవరినీ తప్పుపట్టి అన్న మాట కాదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు.

ఇద్దరూ డిపోలో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. రూబీ క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట మనసులో రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకుంది. ఏది అన్నా ఆయన చేత ‘పర్లేదులే’ అనిపించుకోవడానికే అన్నట్టుంది. ఊరుకుంది.

“రాణమ్మ మాదిరి ఇంకా ఎంతమంది ఉండారు పాపా?” ఉన్నట్టుండి అడిగాడు ఆయన.

“తెలియదు తాతా. అన్ని ఊళ్ళలో ఎడ్విన్‌లాంటి వాళ్ళ నంబర్లు వెతుకుతున్నాను. నిన్న పదకొండుమంది దొరికారు.”

“ఊఁ,” అన్నాడు.

ఉదయగిరి బస్సు వచ్చి నిలబడింది. జనం తోసుకుని ఎక్కుతూ ఉంటే, ఆయన వాళ్ళందరినీ ఎక్కనిచ్చి, ఆఖరున కడ్డీ పట్టుకుని ఎక్కాడు. రూబీ కిటికీ దగ్గరికి నడిచింది. ఆయన సీటులో సర్దుకుని, తువ్వాలు ముడి ఒకసారి తడుముకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఆఫీసు మీ ఊర్లోనే గదా, చేను సంగతి తేలితే చెప్పు పాపా.”

“చెప్తాను తాతా.”

బస్సు కదిలింది. నాలుగడుగులు దానితోపాటు నడిచింది రూబీ.

“తేలకపోయినా చెప్పు,” అన్నాడు ఆయన.